జానెడు ఇరుసు

కాశయ్య బండి చప్పుడు వినబడిందంటే ఆయన భార్య బాలనర్సమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ చప్పుడు విని ఎవరైనా వాకిట్లోకి వచ్చి చూస్తే బండి ఉండేది కాదు, ఎడ్లుండేవి కాదు, చెరువు కట్ట మీద ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. చప్పుడు ముందొచ్చేది, బండి వెనక వచ్చేది. పట్నం నుంచి ఉప్పు బస్తాలు వేసుకొని కాశయ్య ఇంకా బొంగులూరు దాటకముందే ఇరుసు కిర్రుమనడం, ఎడ్ల మెడలో గంటలు, చుట్ట తాగి తాగి పట్టిన ఆయన దగ్గు, అన్నీ వచ్చి ఇబ్రహీంపట్నంలో ఆయన గుమ్మం ముందు ఆగేవి. బియ్యం ఉడికి, గంజి వంచి, పప్పు మెదిపి తాలింపు పెట్టేసరికి అసలు మనిషి వచ్చి కాళ్లు కడుక్కునేవాడు.

వాడకట్టులో ఇదెవరికీ వింత కాదు. ఒకరి బండికి ఎడమెద్దు మొండికేస్తుంది, ఇంకొకరి బండికి చక్రం ఊగుతుంది, కాశయ్య బండికి చప్పుడు ముందొస్తుంది. అదైనా అందరికీ వినబడదు, ఆ బండి కోసం చెవి పెట్టుకొని కూర్చున్నవాళ్లకే. అందుకే దొర గడీలో ఈ సంగతి తెలియదు. గడీలో వాళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడరు, వాళ్ల కోసమే అందరూ ఎదురుచూడాలి.

కాశయ్య జ్వరం తగిలి పోయాడు. ఎడ్లు అమ్ముడుపోయాయి. చక్రాలు వానకు నాని విచ్చిపోయాయి. ఇనుప ఇరుసు ఒక్కటి పశువుల కొట్టంలో గోడకు ఆనుకొని నిలబడింది.

యోబు కొట్టం సడక్ పక్కన ఉండేది. నాలుగు వాసాలు, తాటాకు కప్పు, నడుమ ఒక షాబాదు బండ. బొగ్గుతో నడిచే బస్సు అక్కడిదాకా దగ్గుకుంటూ వచ్చి ఆగితే, యోబు దాని కడుపు కడిగి పంపేవాడు. సైకిళ్లు, పెట్రోమాక్సు దీపాలు, బావి మీది ఇంజన్లు, గడీలో గోడ గడియారం, ఏది మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేది. గురువంటూ ఎవరూ లేరు. ఎవరైనా అడిగితే, సగం బస్సు నేర్పింది, సగం దాన్ని ఖరాబు చేసి నేర్చుకున్నాను, ఇద్దరిలో బస్సుకే ఎక్కువ నష్టమైంది అనేవాడు. గడియారం ఆయన చేతిలో పడ్డప్పటి నుంచి మధ్యాహ్నం పూట పదకొండు కొడుతోంది. గడీలో అందరూ దాన్ని బట్టే తింటున్నారు కనుక ఎవరూ గమనించలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో గడీ నుంచి చిన్నదొర ఒక మోటారు సైకిల్ పంపించాడు. అది తన కాళ్ల మీద రాలేదు, ఎడ్లబండి మీద పడుకొని వచ్చింది. ఎక్కడో ఎడారి యుద్ధంలో ఓడిపోయిన సైన్యం వదిలేసిన బండి. చేతులు మారి మారి, దొర బావమరిది ద్వారా గడీకి చేరింది. బర్రె అంత బరువు. ఇంజను రెండు పక్కలా రెండు బోర్లించిన కుండల్లాంటివి పొడుచుకొచ్చి ఉన్నాయి. పక్కన మనిషి కూర్చునే తొట్టి ఒకటి.

యోబు దాని చుట్టూ తిరిగాడు. కింద పడుకొని చూశాడు. లేచి, గొలుసు లేదన్నాడు. ఇంజను తిరిగితే వెనక చక్రం తిరగాలి కదా, తిప్పడానికి సైకిలుకున్నట్టు గొలుసుండాలి కదా, దార్లో ఎవడో కొట్టేసి ఉంటాడన్నాడు. ఆ మాట గడీకి చేరి, బండి తోలుకొచ్చిన జీతగాడిని దొర కట్టేయించబోయాడు. ఈలోగా యోబు కాలు జారి కిక్కు మీద పడింది. వెనక చక్రం గిర్రున తిరిగింది. విప్పి చూస్తే ఒక గొట్టం, దానిలోపల ఇనుప సలాక, ఆ సలాక చివర పండ్ల చక్రం. గొలుసు పని ఆ సలాకే చేస్తోంది. యోబు గడీ దాకా ఒక్క ఉరుకున పోయి, గొలుసు పోలేదు దొరా, నా మతి పోయిందని చెప్పి జీతగాడిని విడిపించాడు.

చిన్నదొరకు ఆ బండి ఎందుకో ఇబ్రహీంపట్నం అంతటికీ తెలుసు. యోబు భార్య ప్రేమమ్మకు ఒక తమ్ముడున్నాడు, నాగయ్య. తల్లి పోతే ప్రేమమ్మే చంకనేసుకొని పెంచింది. వాడు పెరిగి సంఘంలో కలిశాడు. చుట్టుపక్కల ఊళ్లలో గడీకి వెట్టి చేసేవాళ్లందరి చేతా పని బందు పెట్టించాడు. దొర దొడ్లో పేడ ఎత్తే మనిషి లేక దొరసానే ముక్కు మూసుకొని తిరగవలసి వచ్చింది. అప్పటి నుంచి నాగయ్య కోహెడ దిక్కు గుట్టల్లో ఉంటున్నాడు. దొర గడీలో రజాకార్ల క్యాంపు పెట్టించి, గుర్రాల మీద మనుషుల్ని పంపినా వాడు దొరకలేదు. గుర్రాలకు గుట్టలెక్కువ, జీపుకు బాట తక్కువ.

చిన్నదొర వచ్చి షాబాదు బండ మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"నీ బామ్మర్దిని నీ చేతి బండి మీదనే కట్టేసుకొని తెస్త యోబూ. సుట్టం జేసిన బండి మీద సుట్టం. మంచిగుంటది గదా."

యోబుకు ప్రాణం చివుక్కుమంది. చేయనంటే తన తోలు ఊడుతుంది. చేస్తే నాగయ్య తల పోతుంది. రెండింటి నడుమ ఏదో ఒకటి చెప్పి నాలుగు వానలు పడేదాకా నెట్టాలి. వానలు పడితే గుట్టల బాట బురదైపోతుంది. నోటికి ఏది వస్తే అది అన్నాడు.

"నీ బాంచెన్ దొరా, గుట్టల బాటల తొట్టి పట్టదు, తీసేస్తే ఇగ మనిషి కూసునే జాగ ఉండదు. మీ ఎనక తుపాకోడు కూసుంటే వాని మోకాళ్లు మీ పక్కటెముకలకు తాకుతయి. బండి పొట్టిగున్నది."

"ఎంత పొట్టిగున్నది?"

యోబు చెయ్యి భయానికి సీటు మీద విచ్చుకొని ఉంది. దాన్ని చూసి, "జానెడు" అన్నాడు.

"అయితే జానెడు పెంచు" అన్నాడు దొర. గొలుసు బండి అయితే నాలుగు లంకెలు కలిపితే సరిపోయేది. సలాక బండిని ఎవడూ పెంచలేడు, యోబు ఆశ అదే. పెంచలేడని దొరకు తెలియదు, అది తన అదృష్టం అనుకున్నాడు యోబు. పెంచక తప్పదని సాయంత్రానికి అర్థమైంది. దొర గడీ జవాను కిష్టను తుపాకితో సహా కొట్టంలో కూర్చోబెట్టి పోయాడు.

ఇంట్లో ప్రేమమ్మ విని, "అది నోరా, బస్సు పొగగొట్టమా?" అన్నది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం మానేసింది. జొన్నగట్క గిన్నెలో వేసేటప్పుడు కూడా గోడ దిక్కు చూసేది.

యోబుకు ఇంట్లో నిలవాలనిపించేది కాదు, కొట్టంలో కూర్చోవాలనిపించేది కాదు. సడక్ మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసేవాడు. చేతులు ఊరికే ఉండక ఏదో ఒకటి విప్పేవి. అట్లా తొట్టి ఊడింది. దాన్ని ప్రేమమ్మ ఈడ్చుకుపోయి అందులో కోళ్లను పొదగేసింది. చక్రాల్లో బురద ఇరుక్కోకుండా మడ్‌గార్డుల తోకలు కోశాడు. పెట్టెలు, అడ్డకమ్ములు, రేకులు, పనికిరానివన్నీ పీకేశాడు. మిగిలింది ఇంజను, టాంకీ, రెండు చక్రాలు, ఒక సీటు. తోక తెగిన బల్లిలా ఉందని కిష్ట నవ్వాడు. తోక తెగినా బల్లి పోతది, నేనే ఏ గోడకూ అంటుకోలేకపోతున్న అన్నాడు యోబు.

ఇంజను వెనక చట్రం రెండు పక్కలా కోసి, లోపల ఇనుప ముక్కలు దిగ్గొట్టి, జానెడు ఎడంతో ఇత్తడి పోసి అతికించాడు. అది కుదిరింది. కుదరనిది సలాక. బస్సు కమ్మీ ఒకటి తెచ్చి నడుమ అతికి తిప్పితే ఒత్తిలా మెలి తిరిగింది. కిటికీ ఊచ పెడితే ఊచ రెండుగా విరిగింది. అంతా దగ్గరుండి చూసిన కిష్ట, కావాలని విరగ్గొడుతున్నవని దొరకు చెప్తానన్నాడు.

గట్టి ఇనుము ఎక్కడ దొరుకుతుందని యోబు వాడలు తిరిగాడు. బాలనర్సమ్మ వాకిలి ఊడుస్తోంది. సంగతి అంతా విన్నది. నాగయ్య పేరు వచ్చినప్పుడు చీపురు ఒక్క క్షణం ఆగింది. తరువాత ఆ చీపురుతోనే పశువుల కొట్టం దిక్కు చూపించింది.

"ఆ ఇరుసు తీస్కపో. నాకిగ ఎవల కోసం ఎసరు పెట్టేది లేదు."

యోబు చెవిలో 'తీస్కపో' ఒక్కటే పడింది. వెనకటి మాట పడలేదు. ఇనుము గోటితో మీటితే ఖంగుమన్నది, ఆయనకదే చాలు. ఇరుసు భుజాన వేసుకొని కమ్మరి ఎంకయ్య కొలిమికి పోయాడు.

చెయ్యి చాపి జానెడు కొలిచి, సుద్దతో గీత గీసి, ఆ ముక్క తెగ్గొట్టించాడు. కొలిమిలో ఎర్రగా కాలిన ముక్కను ఎంకయ్య దిమ్మె మీద పెట్టాడు. యోబు సమ్మెట ఎత్తాడు. ఇంకా దించలేదు, ఖంగున చప్పుడైంది. దించితే చప్పుడు లేదు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఖంగుమంది. తన మనసు మనసులో లేదు, చెవులు కూడా పనిచేయడం మానేశాయి అనుకున్నాడు. ఎంకయ్య ఇనుము దిక్కు చూశాడు, యోబు దిక్కు చూశాడు, గడపలో కునుకు తీస్తున్న కిష్ట దిక్కు చూశాడు.

"కొట్టు. ఆగకు" అన్నాడు.

అతుకు పడింది. షాబాదు బండ మీద దొర్లించి చూస్తే సలాక ఎక్కడా ఎగరకుండా దొర్లింది. గొట్టాన్ని పెంచి, లోపల సలాక దిగేసి, పండ్ల చక్రానికి కలిపి కిక్కు కొడితే బండి లేచింది. చిన్నదొర వచ్చి దాన్ని చూసి నవ్వాడు. నేలకు ఆనినట్టు పొట్టిగా, నులక మంచమంత పొడవుగా, వంటి మీద ఒక్క రేకు లేకుండా ఉంది. ఎక్కి కట్ట దాకా పోయి వచ్చాడు. మోకాలు తగలట్లేదని కిష్ట వెనక నుంచి సాక్ష్యం చెప్పాడు. మరునాడు కోహెడ పోతున్నామని దొర చెప్పి పోయాడు.

ఆ రోజు యోబు ఒక్క సైకిలు కూడా ముట్టుకోలేదు. వాసాన్ని పట్టుకొని నిలబడ్డాడు. ప్రేమమ్మ గుమ్మంలో కూర్చొని సడక్ దిక్కు చూస్తూనే ఉంది. పొద్దు వాలుతుండగా బండి వచ్చింది. మీద దొర, కిష్ట, కిష్ట చంకలో ఒక కోడిపుంజు. మూడో మనిషి లేడు. కిష్ట దిగి, కాలికంటిన బురద విదిల్చి, కోహెడలో ఒక్క మొగోడు లేడు, సంఘపోళ్ల ఇండ్లల్ల పొయ్యి మీద ఉడికిన గట్క తప్ప పురుగు గూడ లేదు, గట్క మాత్రం మంచిగుండె అన్నాడు.

వాళ్లు పోగానే ఎంకయ్య వచ్చాడు. నవ్వు ఆపుకోలేక షాబాదు బండ మీద కూలబడ్డాడు.

"గా ఇరుసు ఎవలదనుకున్నవ్ యోబూ? నిప్పుల పెట్టంగనే నాకెరికయింది. కొట్టకముందే మోగె గదా. కోహెడల పొద్దున్నే బండి డుబ్బుడుబ్బుమన్నదట. అంత జూస్తే బాట మీద ఈగ లేదట. గుట్టెక్కేటోళ్లు ఎక్కిండ్రు. కుండ ఉడికేటాల్లకు బండొచ్చింది."

యోబుకు అప్పుడు బాలనర్సమ్మ వెనకటి మాట వినబడింది. అదీ ఆలస్యంగానే.

ప్రేమమ్మ ఆ రాత్రి గట్క పెడుతూ మొగని దిక్కు చూసింది. ఇంత తెలివి నీకెట్ల వచ్చెనని అడిగింది. తెలివి రాలేదని, వస్తే ఆ ఇనుము ముట్టేవాడినే కాదని, భయపడి పారేసేవాడినని యోబు చెప్పాడు. ఆమె ఇంకో గరిటె వేసింది. కోడి తొట్టి పక్కన పడి ఉన్న మిగతా ఇరుసు మీద మాత్రం గోనెపట్టా కప్పింది.

తోకలు కోసిన బండికి బురద పట్టలేదు కనుక, ఆ వానాకాలం అంతా దొర తిరుగుతూనే ఉన్నాడు. ఏ ఊరికి పోయినా పొయ్యి వేడి, కుండ వేడి, మనుషులు లేరు. వీళ్లకు వండుకోవడం తప్ప పని లేదా అని దొర ఆశ్చర్యపోయేవాడు. కిష్ట లావెక్కాడు. మొత్తం ఇరుసు బాలనర్సమ్మకు పప్పు తాలింపు దాకా టైమిచ్చేది. జానెడు ముక్క ఒక కుండ ఉడికేంత సేపే ఇస్తుంది. అంతకు మించదు, అంతకు తగ్గదు. ఆడవాళ్లు దాన్ని బట్టి లెక్క పెట్టుకున్నారు. చప్పుడు వినగానే కుండ పెట్టేవాళ్లు, ఉడుకుతున్న కుండే వాళ్లకు గడియారం. గడీ గడియారం కన్నా అది నయం.

వానలు వెనకపడుతున్న రోజుల్లో పట్నం దిక్కు నుంచి వేరే చప్పుడు వచ్చింది. యూనియన్ మిలటరీ దిగింది. సడక్ మీద లారీలు పోయాయి, వాటి చప్పుడు మాత్రం వాటితోనే వచ్చింది. క్యాంపులో ఉన్నవాళ్లు బట్టలు మార్చుకొని ఎటు వాళ్లటు పోయారు. ఊళ్లో అందరికన్నా ముందు తెల్లటోపీ పెట్టుకున్నది చిన్నదొర. ఆ టోపీ గడీలో ఎప్పటి నుంచి దాచి ఉందో, ఇస్త్రీ మడతలు కూడా పోలేదు.

నాగయ్య గుట్ట దిగాడు. పట్టపగలు సడక్ మీద నడుచుకుంటూ వచ్చాడు. దార్లో నలుగురు పలకరిస్తే నలుగురితోనూ నిలబడి మాట్లాడాడు. గడ్డం పెరిగి, పొట్ట వీపుకు అంటుకొని ఉన్నాడు. అక్క గుమ్మంలో కూర్చొని, గుట్టల్లో దొరికినప్పుడల్లా తిన్నది చల్లగట్కే, వేడిబువ్వ ఎట్లుంటదో మర్చిపోయిన అన్నాడు. ప్రేమమ్మ చాటలో బియ్యం పోసింది. పండుగకని దాచినవి. రాళ్లేరింది, కడిగింది, ఎసరు మరిగాక పోసింది. కందిపప్పు కూడా తీసి చాటలో పెట్టింది. నాగయ్య కుండ దిక్కే చూస్తూ బావను ఆటపట్టించాడు. దొర బండిని పొడుగు చేసి ఊళ్లన్నీ కాపాడిన మొనగాడివట గదా అన్నాడు. నన్ను నేనే కాపాడుకోబోయి కాలు జారి ఊళ్ల మీద పడ్డ అన్నాడు యోబు.

అప్పుడు వినబడింది. డుబ్బు, డుబ్బు, డుబ్బు. కట్ట దిగుతున్నట్టు, కొట్టం ముందుకొచ్చినట్టు, గుమ్మం ముందు ఆగినట్టు.

యోబు బయటికి పోయి చూశాడు. సడక్ మీద ఒక కుక్క పడుకొని ఉంది.

నాగయ్య కదల్లేదు. "గిప్పుడెవడొస్తడు బావా? రాజ్యం మారింది గదా."

"టోపీ మారింది నాగయ్యా. బండి మారలె."

"ఎవడన్నా రానీ. బువ్వ తిని పోత."

ప్రేమమ్మ మూత తీసింది. మెతుకు వేళ్ల మధ్య నలిపింది. లోపల పలుకుంది. "కట్టెలు తడిగున్నయి. బువ్వ ఉడికేటాల్లకు వాడొస్తడు తమ్మీ. రెండూ ఒక్కసారే అయితయి. గదే లెక్క."

నాగయ్య కుండలో నుంచి లేస్తున్న ఆవిరిని చూశాడు. ఇన్నాళ్లు తుపాకులకు భయపడని మనిషి ఆ ఆవిరి దగ్గర కదలలేకపోయాడు. ప్రేమమ్మ తమ్ముడి మాట వినలేదు. రుమాలు పరిచి, పలుకు మీదున్న బియ్యాన్నే నాలుగు గరిటెలు వేసి మూట కట్టి చేతిలో పెట్టింది. మూట కాలి నాగయ్య చేతులు మార్చుకుంటూనే వెనక జొన్నచేలోకి పోయాడు. చేను ఒకసారి ఊగి నిలబడింది. ఆమె పొయ్యిలో చెంబెడు నీళ్లు కొట్టింది. చుట్టమొచ్చిన ఇంటి పొగ లేవొద్దని.

బండి వచ్చింది. ముందు తెల్లటోపీ, వెనక ఇద్దరు మిలటరీ జవాన్లు తుపాకులతో. కొత్త రాజ్యానికి కూడా పట్టుకోవడానికి సంఘపోళ్లే కావాలట. దొర ఇల్లంతా వెతికించాడు, తొట్టిలో కోళ్లను కూడా లేపించాడు. చివరకు కుండ మూత తీశాడు.

"వరి బువ్వ. ఎవనికిరా?"

"నాకే దొరా" అని యోబు కుండ ముందు కూర్చున్నాడు. పిడికెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. గులకరాళ్లు నమిలినట్టు చప్పుడైంది. ఇంకో పిడికెడు తిన్నాడు. "పెండ్లాంతోని లొల్లయింది దొరా. పలుకు పెట్టింది. ఎక్కువ మాట్లాడితే రేపు వడ్లే పెడ్తది." తింటూనే ఉన్నాడు, కండ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపలేదు. వేరే భాషోళ్లయినా జవాన్లకు ఆ లొల్లి అర్థమైనట్టుంది, నవ్వుకున్నారు. దొర మూత విసిరేశాడు.

బయటికొచ్చాక జవాన్లలో ఒకడు మోకాలు పట్టుకొని దొరతో ఏదో గొణిగాడు. ముగ్గురు ఎక్కడానికి బండి చాలట్లేదు. దొర యోబును పిలిచాడు.

"గుట్టలల్ల ఇగ ముగ్గురం తిరగాలె. ఇంకో జానెడు పెంచు."

యోబు నోట్లో ఇంకా రెండు పలుకులున్నాయి. వాటిని మింగి, "బాంచెన్" అన్నాడు. దొర, జవాన్లు నడుచుకుంటూ గడీకి పోయారు. బండి వాసం పక్కన ఒరిగి నిలబడింది.

యోబు గోనెపట్టా తీసి మిగతా ఇరుసు బయటికి లాగాడు. బండ మీద పెట్టి, చెయ్యి చాపి జానెడు కొలిచి, సుద్దతో గీత గీశాడు. ప్రేమమ్మ చాటలోని కందిపప్పు డబ్బాలో పోసుకుంటూ వచ్చి నిలబడింది. ఆ గీత దిక్కు చూసింది.

"గంతేనా?"

"దొర జానెడే అన్నడు."

"దొరకేమెరిక" అన్నది ప్రేమమ్మ. "కందిపప్పు జల్ది ఉడకదు."

యోబు ఆ గీతను అరచేత్తో తుడిచి, సుద్దముక్కను ఇంకా అవతలికి జరిపాడు.